వాలు బెజ్జంలో వెంట్రుక

చౌటుప్పల్‌లో మా సందు చివర కొత్తగా పెట్టిన బ్యూటీపార్లర్‌లో మొన్న ఒక పిల్ల నా తల దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయింది. ఎడమ చెవి వెనక జుట్టు పాయ తీసింది, మూసింది, మళ్ళీ తీసి వేలితో రాసి చూసింది. "అక్కా, ఈడ గిట్ల ఖాళీ ఉన్నదేంది? పేనుకొరుకుడా? మా దగ్గర మంచి నూనె ఉన్నది, పెట్టాల్నా?" అని అడిగింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "పేనూ లేదు, గీనూ లేదు. మా బాపు పీకిండు. నీ నూనెకు మొలవది గానీ నువ్వు జడెయ్యి" అన్నాను. ఆ పిల్ల భయపడి దువ్వెన కింద పడేసుకుంది. పక్క కుర్చీలో ముఖానికి ఏదో పూసుకొని కళ్ళు మూసుకున్న ఆవిడ కూడా ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. చూస్తే చూడనీ. జడ వేయించుకొని ఇంటికొచ్చాను గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు. అన్నం మాడబెట్టాను. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను. పెళ్ళైనప్పటి నుంచీ చెప్పని సంగతి ఒక పూటలో ఎలా చెప్పను? అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదువుకుంటే చదువుకుంటాడు.

మోత్కూర్ దాటి లోపలికి పోతే వచ్చే ఒక చేనేత వాడ మాది. వాడంతా మగ్గాలే. మా ఒక్క ఇల్లే వడ్లోళ్ళది, అంటే వడ్రంగులది. తెలంగాణ వచ్చిన కొత్త రోజులు, నేను ఇంటర్ చదువుతున్నాను. పొద్దున్నే వాడలో నడిస్తే ఒక్కో గడపది ఒక్కో వాసన. ఒక ఇంట్లో పట్టు ఉడకబెట్టే సబ్బు నీళ్ళ వాసన, ఒక ఇంట్లో రంగు వాసన, ఒక ఇంట్లో పులిసిన గంజి వాసన. మా గడప దగ్గరికి వచ్చేసరికి పచ్చి పాలకర్ర వాసన, దాని మీద ఆముదం వాసన. ఆ రెండూ కలిసి ఇప్పుడు ఎక్కడ తగిలినా నేను ముక్కు మూసుకుంటాను. అందరూ చిన్ననాటి వాసనల గురించి ఎంతో ముద్దుగా రాస్తారు. నాకు అంత ముద్దు లేదు.

ఇంట్లో నలుగురం. బాపు, అమ్మ, నేను, బాపును కన్నతల్లి. ఆమెను బాపూ అవ్వ అనేవాడు, నేనూ అవ్వ అనేదాన్ని. బాపు పెద్దగా మాట్లాడేవాడు కాదు. చెవి మీద పెన్సిలు, మోకాళ్ళ మీద ఎప్పుడూ చెక్కపొట్టు. చాయ్ సాసర్‌లో పోసుకొని జుర్రుమని తాగేవాడు. ఆ చప్పుడు ఆగిందంటే అమ్మ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి సాసర్ అందుకోవాలి. ఆలస్యమైతే సాసర్ వాకిట్లో పడేది. కర్రకు బెజ్జాలు కొట్టే బరమ మీది నుంచి ఎవరూ దాటకూడదు, ఆడవాళ్ళు ముట్టనే కూడదు. అవ్వకు మాత్రం ఇంట్లో ఏ అడ్డూ లేదు. మధ్యాహ్నం తిన్నాక వాకిట్లో ఎండకు కూర్చొని తెల్లటి జుట్టంతా విప్పి ఆరబెట్టుకునేది. నడుము దాకా ఉండేది ఆ వయసులో. కుంకుడుకాయలు కొట్టేది అమ్మ, రసం తీసేది అమ్మ, నీళ్ళు పోసేది అమ్మ. అవ్వ ఆరబెట్టుకుంటూ వక్కాకు నములుతూ కోడలు చేసే ప్రతి పనికీ వంక పెట్టేది.

మా బాపు చేసేవి ఆసు కర్రలు. ఆసు అంటే ఏమిటో తెలియని వాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతాను. మా దిక్కు చీరల మీది పువ్వులూ చిలుకలూ నేసేటప్పుడు పుట్టేవి కావు. దారం దారంగా ఉండగానే ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కట్టాలంటే ముందు ఆ దారాన్ని అర్ధచంద్రంలా పాతిన మేకుల మీదికి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వరసగా పోయాలి. అదే ఆసు. పొద్దంతా ఆడవాళ్ళ చెయ్యి ఆడుతూనే ఉండాలి, భుజాలు పడిపోయేవి. మా వాడలో ఆసు పోసేవాళ్ళు జానెడు పొడుగు, బొటనవేలంత లావు ఉన్న గుండ్రటి కర్ర ఒకటి చేతిలో పట్టుకునేవాళ్ళు. దాని పైకొసన ఒక బెజ్జం. కింద ఉన్న కండె నుంచి దారం పైకి వచ్చి, ఆ బెజ్జంలో దూరి, మేకుల వైపు పోతుంది. బెజ్జం తిన్నగా అడ్డంగా ఉంటే దారం అంచు మీద మడత పడి రాసుకుంటుంది. కాసేపటికి నూగు లేచి తెగుతుంది. అందుకని బెజ్జం వాలుగా ఉండాలి, దారం దూరే వైపు కిందికి, బయటికి వచ్చే వైపు పైకి. ఆ కర్రలు చేసేది మా బాపు. ఆసుకు మోటారు మిషన్లు వచ్చాక కూడా, ఇనుపదైతే పట్టును కోస్తుందని, మిషన్‌కు మా బాపు కర్రే బిగించుకునేవాళ్ళు.

గుండ్రటి కర్రకు వాలు బెజ్జం కొట్టడం తేలిక కాదు. తేలిక అనేవాళ్ళకు ఒక కర్ర చేతికిచ్చి కూర్చోబెట్టాలి. పలక మీదైతే బరమ మొన నిలబడుతుంది. గుండ్రటి దాని మీద, అందులోనూ వాలుగా పెడితే, జారి పక్కకు పోయి కర్ర ఒళ్ళంతా గీకుతుంది. బాపు కర్రను రెండు పాదాల మధ్య ఇరికించుకొని, ముందు బరమను నిటారుగా నిలబెట్టి మొన కూర్చునేంత గుంట పెట్టేవాడు. ఆ తర్వాత మెల్లగా, తిప్పుతూ తిప్పుతూనే, వాల్చేవాడు. లోపలికి దిగినాక భయం లేదు. భయమంతా అవతలి వైపు బయటపడేటప్పుడు. తొందరపడి నొక్కితే అక్కడ చీలిక లేచి బెజ్జం మూతికి పళ్ళు వస్తాయి. అవి కంటికి కనిపించవు, వేలికి తగలవు, దారానికి తగులుతాయి. అందుకని మొన అవతల కాస్త కనబడగానే ఆపి, కర్ర తిప్పి అటు నుంచి తొలిచేవాడు. చివరికి ఆముదంలో ముంచిన నులక పేట దూర్చి లాగి లాగి లోపల నున్నగా చేసేవాడు. అబద్ధం ఎందుకు, బాగా చేసేవాడు. చూస్తుంటే ముచ్చటగా ఉండేది. ఆ తర్వాత మొదలయ్యేది అసలు బాధ.

"ఏమే, ఇటు రా" అని ఒక్క కేక. అమ్మ ఏ పనిలో ఉన్నా కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి వరండా గుంజకు వీపు ఆనించి కూర్చునేది. బాపు ఆమె తలలోంచి పొడుగాటి వెంట్రుక ఒకటి ఎంచుకొని, చూపుడు వేలికి చుట్టుకొని, పీకేవాడు. కుదురుతో సహా రావాలి. దాన్ని బెజ్జంలో దూర్చి రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకొని పైఅంచు మీదా కిందిఅంచు మీదా ఆడించేవాడు. ఎక్కడా తట్టుకోకుండా ఆడితే కర్ర మంచిది. తెగితే లోపల పన్ను ఉన్నట్టు. ఆ కర్ర పొయ్యిలోకి. మళ్ళీ ఇంకో కర్ర, ఇంకో వెంట్రుక. ఒకే వెంట్రుకతో నాలుగు కర్రలు చూడొచ్చు కదా? చూడకూడదట, ఒకసారి ఆడినది అరిగిపోతుందట. దువ్వెనలో ఊడినవి పనికిరావా? "అవి సచ్చినయి. వీకిన దాంట్ల పానముంటది." పట్టు పోగుతోనే చూడొచ్చు కదా? "పట్టు గట్టిది. చిన్న పన్నుంటే ఓర్సుకుంటది." తాత అలాగే చేశాడట, తాతకు ఆయన తండ్రి నేర్పాడట. బాపు తల మీద ఉన్నది పొట్టి క్రాపు, రెండు చేతులకు అందదు. అందుకని పని ఆయనది, తల అమ్మది.

అమ్మ అరిచేది కాదు. పీకిన ప్రతిసారీ ఎడమ కన్ను మూసుకునేది, అంతే. వెంట్రుక తెగినప్పుడు కర్ర పొయ్యిలోకి పోయేది గానీ తిట్లు మాత్రం అమ్మకే. "నీ నెత్తిల సత్తువ లేదు. ఏం తింటున్నవే, బూడిదా?" అనేవాడు. అవ్వ ఎండలోంచి అందుకునేది. "గా రెండెంటికెలకు మొకం గట్ల వెట్టుడేందే? నేను వడలేదా? మీ మామ నా నెత్తి బోడి జేసిండు. ఆయన వోయినంకనే గదా నాకు గివి వెరిగినయి!" అని తన జుట్టును తనే నిమురుకుంటూ నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. తను పడింది కాబట్టి కోడలి మీద కాస్త జాలి ఉంటుందనుకుంటాం కదా? లేదు. తను పడింది కాబట్టి కోడలూ పడాలి. ఊళ్ళోకి వెంట్రుకలు కొనేవాడు సైకిల్ మీద వచ్చేవాడు. దువ్వెనలో ఊడినవి చుట్ట చుట్టి దాచుకున్న ఆడవాళ్ళు అవి ఇచ్చి గిన్నెలూ గరిటెలూ తీసుకునేవాళ్ళు. అవ్వ కూడా తీసుకునేది. అమ్మ ఆ సైకిల్ గంట వినగానే లోపలికి పోయేది.

తెలంగాణ వచ్చాక మా ఊళ్ళో కరెంటు మంచిగా ఉండటం మొదలైంది. అంతకు ముందు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు. ఇప్పుడు పొద్దంతా ఉంటోంది. వాడంతా సంబరం. మా బాపు కూడా సంబరపడి నల్లగొండ పోయి డ్రిల్ మిషన్ కొనుక్కొచ్చాడు. మా దరిద్రం అక్కడ మొదలైంది. మిషన్‌కు ఓపిక లేదు. చేతిబరమలా మెల్లగా వాల్చనివ్వదు. మొన వేడెక్కి లోపల కర్ర మాడేది, అవతలి వైపు ఒక్కసారిగా బయటపడి చీలికలు లేచేవి. మిషన్ కొన్నాక మళ్ళీ చేతిబరమ పట్టడం బాపుకు నామోషీ. కర్రలు ఎక్కువయ్యాయి, పాడయ్యేవి ఇంకా ఎక్కువయ్యాయి. అంతకు ముందు వారానికి ఒక పూట గుంజ దగ్గర కూర్చునే అమ్మ రోజూ కూర్చోవాల్సి వచ్చింది. ఊళ్ళో అందరూ కరెంటు పోవద్దని కోరుకుంటే నేను పోవాలని మొక్కుకున్నాను. పోలేదు.

అమ్మ తల నడినెత్తిన పలచబడి, చెవుల దగ్గర పొక్కులు లేచి, నూనె రాస్తే మండేది. బయటికి పోతే తల మీది నుంచి కొంగు తీసేది కాదు. ఒకనాడు పొద్దున నేను కాలేజీకి తయారై వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాను. బాపు అమ్మ తలలోంచి ఒకటి పీకాడు, కొసలు పట్టుకొని లాగగానే తెగింది. ఇంకోటి పీకాడు, అదీ తెగింది. "ఇగ నీది అక్కరకు రాదు పో" అని అమ్మ తలను అవతలికి నెట్టి, తల తిప్పి నన్ను చూశాడు. నన్ను అంటే నా ముఖాన్ని కాదు. నా జడను. నడుము కిందికి ఉండేది నాకు. మా వాడలో అంత జడ ఎవరికీ లేదు. నాకు రంగు లేదు, మెడలో గొలుసు లేదు, మంచి బట్టలు లేవు, ఉన్నదల్లా ఆ జడే. కాలేజీకి పోయేటప్పుడు దాన్ని ముందుకు వేసుకొని నడిచేదాన్ని.

"నాయే గుంజుండ్రి. పోరి కాలేజీకి వోయేది" అన్నది అమ్మ.

"కాలేజీల ఎంటికెలు అడుగుతరా?" అన్నాడు బాపు. అవ్వ పడీ పడీ నవ్వింది.

కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను? ఒకటి పీకితే ఏమంత నొప్పి కాదు. అదే చోట మళ్ళీ మళ్ళీ పీకినప్పుడు ఏడవద్దనుకున్నా కళ్ళలోంచి నీళ్ళు వస్తాయి. బాపు ఎప్పుడూ ఎడమ చెవి వెనకే పీకేవాడు. ఎందుకని అవ్వ అడిగింది. "పెండ్లి గావల్సిన పోరి. ముందల వీకితే మొకం ఖరాబైతది, ఎవడు చేసుకుంటడు?" అన్నాడు. అంతవరకు ఆలోచించాడన్నమాట. ఆ రోజు నుంచి జడ వేసుకునేటప్పుడు నా వేళ్ళు ముందు అక్కడికే పోయేవి, ఎంత మిగిలిందా అని. కాలేజీలో పాఠం నడుస్తున్నా నాకు అదే ధ్యాస. జడ ఎలా కాపాడుకోవాలి? ఏం చేస్తే ఈ మనిషి చెయ్యి నా తల మీద పడకుండా ఉంటుంది?

ఆలోచిస్తే నాకు ఒకటే తోచింది. ఏ బెజ్జంలోనూ పన్ను లేకపోతే ఏ వెంట్రుకా తెగదు. ఏ వెంట్రుకా తెగకపోతే ఇక చూడాల్సిన పనే లేదు. మరి బెజ్జం శుభ్రంగా రావాలంటే? మొన జారకూడదు, అవతల చీలిక లేవకూడదు. బాపు కర్రల కోసం మోత్కూర్ పోయిన రోజు, అవ్వ నిద్రపోయాక, నేను తుమ్మచెక్క దిమ్మ ఒకటి తీసుకున్నాను. అమ్మ గడపలో కూర్చొని చింతపండు పిక్కలు తీస్తూ సందులోకి చూస్తోంది. దిమ్మ అడుగున కర్ర కదలకుండా కూర్చునేటట్టు ఒక గాడి తీశాను. దిమ్మ పైనుంచి గాడిలోకి, బాపు చేసిన పాత మంచి కర్ర వాలు చూసుకుంటూ, చేతిబరమతో ఒకే ఒక్క వాలు బెజ్జం కొట్టాను. ముట్టకూడని బరమ. ఇప్పుడు కర్రను గాడిలో పెట్టి, మిషన్ మొనను దిమ్మ బెజ్జంలోంచి పంపితే, మొన ఎటూ జారలేదు. దిమ్మ పట్టుకొని ఉంటుంది. కర్ర కిందికి పనికిరాని చెక్క పేడు ఒకటి బిగించాను. కర్రలోంచి బయటపడ్డ మొన నేరుగా ఆ పేడులోకి దిగుతుంది, చీలిక లేవడానికి సందు ఉండదు. మధ్య మధ్య మొనను బయటికి తీసి పొట్టు దులిపితే కర్ర మాడదు.

మొదటివి పాడయ్యాయి. పేడు సరిగా ఆనలేదు. బిగించి మళ్ళీ కొడితే వచ్చింది చూడండి బెజ్జం! లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా నున్నగా, కత్తితో కోసినట్టు. దాన్ని కన్నుకు ఆనించుకొని ఆకాశం చూశాను. అమ్మకిస్తే అమ్మా చూసింది. చూసి, తన తలలో మిగిలిన వాటిలోంచి తనే ఒకటి పీక్కొని, దూర్చి, అంచుల మీద ఆడించింది. అంత బలహీనమైన వెంట్రుక కూడా తెగలేదు. "గిది సూపెడితే మీ బాపు ఇగ మన జోలికి రాడు బిడ్డా" అన్నది. నమ్మాను. మనసారా నమ్మాను. ఆ పూట అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు నూనె రాసింది.

బాపు సాయంత్రం వచ్చి కర్రలు చూశాడు. బరమ ముట్టుకున్నావా అని అడగలేదు. కర్రలన్నీ ముందు వేసుకొని నన్ను గుంజ దగ్గర కూర్చోబెట్టాడు. ఒక్కో కర్రకు ఒక్కో వెంట్రుక. ఒక్కటి తెగలేదు. ఒక్కటి! చివరి కర్ర పక్కన పెట్టి దిమ్మను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దిమ్మ మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు వినడం నాకు అదే మొదలు.

"మరి ఇగ ఎంటికె ఎందుకు బాపు? తెగుతలేవు గదా?" అన్నాను.

"దిమ్మ దిమ్మనే, పరీచ్చ పరీచ్చనే" అన్నాడు. "గీ దిమ్మతోని రేపటి సంది నాలుగింతలు కర్రలైతయి. నువ్వు పొద్దుగాల జర జెల్ది లే."

నాలుగింతలు కర్రలు. కర్రకో వెంట్రుక. నా తెలివి నా నెత్తి మీదికే వచ్చింది. ఆ రోజు ఏడవలేదు గానీ దిమ్మను పొయ్యిలో వేద్దామని వెతికితే దొరకలేదు. బాపు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఇప్పుడు బాపు ముసలివాడయ్యాడు. అవ్వ పోయింది. నేను ఊరికి పోయినప్పుడు బాపు ఫోన్‌లో వీడియోలు చూస్తూ మంచం మీద కూర్చొని ఉంటాడు. నా బిడ్డను దగ్గరికి పిలిచి "అబ్బ, జడ ఎంత మంచిగున్నదే" అంటాడు. నేను పొయ్యి దగ్గరి నుంచి లేచొచ్చి బిడ్డను పక్కకు గుంజుకుంటాను. ఆయనకు అర్థమవుతుంది. మళ్ళీ ఫోన్ చూసుకుంటాడు. చుట్టాల్లో వదినలూ అక్కలూ అంటారు, అప్పటి మనుషులు అంతేనే, తెలియక చేశారు, కోపం మనసులో పెట్టుకోవద్దు అని. తెలియక ఎలా అవుతుంది? పీకితే నొప్పి పుడుతుందని తెలియని మనిషి ఉంటాడా? నా బిడ్డ తల దువ్వేటప్పుడు చిక్కు పడితే నేను దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతో ఒక్కో పాయా విడదీస్తాను. బడి బస్సు వెళ్ళిపోయినా సరే. నా బిడ్డ విసుక్కుంటుంది, "జల్ది చెయ్యి మమ్మీ, గుంజితే ఏమైతది" అని. ఆ కాలానికీ ఈ కాలానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను రోడ్లూ ఫోన్లూ చెప్పను. నా బిడ్డకు గుంజితే ఏమవుతుందో తెలియదు. అదీ తేడా.

ఆ పీకుడు ఎలా ఆగిందో చెప్పనే లేదు. దిమ్మ వచ్చిన కొన్నాళ్ళకు ఒకనాడు పొద్దున అమ్మ బాపు ముందు నిలబడి, "గుట్టకు మొక్కున్నది. పోరిని తీస్కవోతున్న" అన్నది. అడగలేదు, చెప్పింది. దేవుడి పేరు వచ్చింది కాబట్టి బాపు ఊఁ అన్నాడు. బస్సులో యాదగిరిగుట్టకు పోయాం. అమ్మ తలనీలాలు ఇస్తుందని నాకు తెలుసు. ఉన్నదే కాస్త, ఇచ్చేస్తే పీడా పోతుందనుకున్నాను. మంగలాయన ముందు కూర్చున్నాక అమ్మ వేలు నా వైపు చూపించి "ఇద్దరికి" అన్నది.

నేను లేచి నిలబడ్డాను. "నాకొద్దమ్మా. నా జడ నాకుండనియ్యి" అని ఏడ్చాను. ఎన్నాళ్ళుగా కాపాడుకుంటున్నాను? దిమ్మ చేసింది దేనికి? అమ్మ నా చెయ్యి పట్టుకొని కిందికి గుంజింది. "కూసో. దేవునికిస్తే ఒక్కపారే పోతది. మీ బాపుకిస్తే దినాం పోతది" అన్నది. అమ్మ కళ్ళలో చుక్క నీరు లేదు. కూర్చున్నాను. తల మీద నీళ్ళు పడ్డాయి, కత్తి ఆనింది, జడ జడలాగే ఒళ్ళో పడింది. నా తర్వాత అమ్మ. అమ్మ తల తడిపి, పొక్కులు చూసి, ఆయన కత్తి ఆపాడు. "గిదేందమ్మా గిట్లున్నది?" అన్నాడు. "నువ్వు గీకు అయ్యా" అన్నది అమ్మ.

ఇద్దరం తలలకు గంధం పూసుకొని మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. వాకిట్లో కర్రలు కుప్పగా పోసి ఉన్నాయి. పెళ్ళిళ్ళ గిరాకీ, ఎవరో ఆసామి సాయంత్రం బండి పంపిస్తానన్నాడు. బెజ్జాలన్నీ అయిపోయాయి, పరీక్ష ఒక్కటే మిగిలింది. బాపు మమ్మల్ని చూశాడు. ముఖం నల్లబడింది. పిడికిలి బిగించాడు గానీ దేవుడికిచ్చిన తలను ఏమని తిడతాడు? కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. కర్రలు చూశాడు. సందులోకి చూశాడు. ఆ తర్వాత వాకిట్లో ఎండకు జుట్టు ఆరబెట్టుకుంటున్న తల్లిని చూశాడు.

"అవ్వా, జర గిటు రా."

అవ్వ అన్నానికి పిలుస్తున్నాడనుకొని వచ్చింది. గుంజ దగ్గర కూర్చోమంటే అప్పుడు అర్థమైంది. "నేనెందుకురా? ఏందిరా నీ కత?" అంటూనే ఉంది, బాపు ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, నుదుటి పైనుంచి ఒకటి చుట్టి పీకాడు. అవ్వ పెట్టిన కేకకు సందులో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. "నీ చేతులు వడిపోను! కన్నతల్లి నెత్తి వీకుతవారా?" వెంట్రుక కొసలు పట్టుకొని లాగగానే తెగింది. బాపు ఇంకోటి పీకాడు. అదీ తెగింది. "ఒక్కటి అవ్వా, ఒక్కటి, జర ఓర్సుకో" అంటున్నాడు. చెమటలు పట్టాయి ఆయనకు.

అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. గంధం పూసిన గుండు, చంకలో గుట్ట నుంచి తెచ్చిన సంచి. దాన్ని కింద పెట్టి రెండు అడుగులు ముందుకొచ్చింది. ఆపుతుందనుకున్నాను.

"ముందల వీకకుండ్రి" అన్నది నెమ్మదిగా. "ఎన్క, మెడ కాడ గుంజుండ్రి. ఆడ గట్టిగుంటయి."

బాపు అవ్వ తల ముందుకు వంచి మెడ దగ్గర పీకాడు. అవ్వ పెట్టిన కేక ఈసారి మొదటి దాని లాంటిది కాదు. నేను నవ్వాను. దాచుకోను, పైకే నవ్వాను. నాకు కడుపు నిండింది. అవ్వ వెనక్కి తిరిగి బాపు చెంప మీద చెళ్ళున కొట్టింది. "మీ అయ్య సచ్చిననాడు నా నెత్తికి బాధ తప్పిందనుకున్న. మల్ల నువ్వు వుట్టినవారా నాకు!" అని కూలబడి జుట్టంతా రెండు చేతులతో పోగుచేసుకొని ఏడ్చింది. బాపు చెంప పట్టుకొని నిలబడిపోయాడు. తల్లి ఏడుస్తుంటే చూడలేకపోయాడు. అమ్మ అంతకాలం కూర్చుంటే చూడగలిగాడు, నేను కూర్చుంటే చూడగలిగాడు, తల్లిది మాత్రం ఒక పూట కూడా చూడలేకపోయాడు. చెప్పులు వేసుకొని సందు దాటి ఎదురింట్లోకి పోయాడు. అమ్మ పొయ్యి రాజేసే లోపలే తిరిగొచ్చాడు. చేతిలో పట్టు పోగులు, మగ్గం కింద ఊడ్చి పడేసే తుక్కు, గుప్పెడు.

కూర్చొని ఒక పోగు బెజ్జంలో దూర్చి ఆడించాడు. సాఫీగా ఆడింది. ఇంకో కర్రకూ ఆడింది. మరో కర్రలో పోగు తట్టుకొని వెంటనే నూగు లేచింది. ఆ కర్రను పొయ్యిలోకి విసిరాడు. బండి వచ్చే లోపల కుప్పంతా చూసేశాడు.

అమ్మ వచ్చి కింద పడ్డ పోగు ఒకటి తీసుకొని వేళ్ళ మధ్య పెట్టి చూసింది.

"ఎవలిచ్చిండ్రు?"

"ఎదురింటోళ్ళు."

"ఎంతకు?"

బాపు తల ఎత్తలేదు. "ఊర్కెనే."

అమ్మ ఆ పోగును కింద పడేసి, గుండు మీద కొంగు కప్పుకొని, పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆ పూట అన్నం అందరం తిన్నాం.